మోటారు కొనే ముందు డ్రా ట్యూబును ఊపి చూడండి

(ఖగోళ ఛాయాచిత్రాలు తీసే ఔత్సాహికుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో సభికుల ప్రశ్నలు కొన్ని.)

అందరికీ నమస్కారం. టీ కప్పులతో వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలున్నాయి. ముందే చెప్పేస్తున్నా, ఈ గంటలో నెబ్యులా బొమ్మ ఒక్కటి కూడా చూపించను. అంతా నట్లూ బోల్టులూ షాఫ్టులే.

ఆస్ట్రోఫొటోగ్రఫీలో కాస్త కుదురుకున్నాక ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్న, "ఏ మోటార్ ఫోకసర్ కొనమంటారు?" అని. ఫోకసర్ అంటే కెమెరాని ముందుకీ వెనక్కీ జరిపి ఫోకస్ కుదిర్చే భాగం. పేరు చెప్పడం తేలికే. కానీ నేను ముందు అడిగేది మీ టెలిస్కోపుకి ఇప్పుడున్న ఫోకసర్ ఎలా ఉందని. మోటారు చేసేది మీ వేళ్ళు చేసే పనే. నాబ్ తిప్పుతుంది, అంతే. నాబ్ తిప్పగానే డ్రా ట్యూబు (కెమెరా తగిలించే లోపలి గొట్టం) జారకుండా, ఒరగకుండా, తిన్నగా కదిలే ఫోకసర్‌కి మోటారు పెడితే ఇక రాత్రంతా హాయి. వదులుగా ఊగే ఫోకసర్‌కి పెడితే ఆ ఊపు ఎక్కడికీ పోదు. పైగా అది మీ వేలికి తెలిసేది, మోటారుకి తెలియదు.

అసలు మోటారు ఎందుకు? చేత్తో ఫోకస్ సరిగ్గా రాదు కాబట్టి అనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. 2005లో రష్యా ఔత్సాహికుడు పావెల్ బాహ్తినోవ్ తన మాస్క్ (టెలిస్కోపు ముందు పెట్టే చీలికల మూత) డిజైన్ బయటపెట్టిన దగ్గర్నుంచీ చేత్తో మంచి ఫోకస్ ఎవరికైనా వస్తుంది. టెలిస్కోపుని ప్రకాశమైన నక్షత్రం వైపు తిప్పి, మాస్క్ పెట్టి, నక్షత్రం చుట్టూ కనపడే మూడు గీతల్లో మధ్య గీత మిగతా రెండు గీతల కూడలికి సరిగ్గా వచ్చేదాకా తిప్పితే చాలు. దాన్ని మించిన ఫోకస్ మోటారు కూడా తేలేదు. అయితే ఆ పని రాత్రి తొమ్మిదికి ఒకసారి, పదకొండుకి ఒకసారి, ఫిల్టర్ మార్చినప్పుడల్లా ఒకసారి, తెల్లవారుజామున మూడింటికి ఇంకోసారి చేయాలి. చేసిన ప్రతిసారీ వస్తువు మీంచి టెలిస్కోపు తిప్పి ప్రకాశమైన నక్షత్రం దగ్గరకి తీసుకెళ్ళాలి, మళ్ళీ వెనక్కి రావాలి. ఇక్కడే మనిషి ఓడిపోతాడు. మూడింటికి దుప్పట్లోంచి లేచి మాస్క్ పెట్టేవాళ్ళు ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి. (నవ్వులు) సరే.

కాబట్టి డీఎస్‌ఎల్‌ఆర్‌తో నెలకోసారి రెండు గంటలు తీసేవాళ్ళకి నేను మోటారు కొనమని చెప్పను. ఆ డబ్బుతో మంచి గైడ్ కెమెరా (టెలిస్కోపు నక్షత్రాన్ని తప్పకుండా వెంబడించేలా చూసేది) కొనుక్కోండి. మోనో (నలుపు తెలుపు) కెమెరా, ఫిల్టర్ వీల్ (ఫిల్టర్లు మార్చే చక్రం), రాత్రంతా ఆటోమేటిక్‌గా నడిచే సీక్వెన్స్, ఈ మూడింట్లో ఏ ఒక్కటున్నా మోటారు తప్పదు.

ఇప్పుడు ఒక లెక్క. ఈ రోజు నేను చెప్పే మాటల్లో ఇదొక్కటి రాసుకున్నా చాలు. ఫోకస్ అంటే ఒక బిందువు అనుకుంటాం గానీ, దానికి ముందూ వెనకా కొంచెం మేర ఉంటుంది. ఆ మేర లోపల సెన్సర్ ఎక్కడున్నా నక్షత్రం పరిమాణంలో తేడా కనపడదు. దాన్ని క్రిటికల్ ఫోకస్ జోన్ అంటారు. నేను 'జోన్' అంటాను. లెక్క ఇదీ: 4.88ని కాంతి తరంగదైర్ఘ్యంతో గుణించి, దాన్ని ఎఫ్ సంఖ్య వర్గంతో గుణించాలి. ఎఫ్ సంఖ్య అంటే ఫోకల్ లెంగ్త్‌ని అపెర్చర్‌తో, అంటే టెలిస్కోపు ప్రధాన కటకం లేదా దర్పణం వ్యాసంతో, భాగిస్తే వచ్చేది. ఆకుపచ్చ కాంతి 0.55 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనుకుంటే ఎఫ్/10కి జోన్ సుమారు 268 మైక్రాన్లు. ఎఫ్/6కి 97. ఎఫ్/5కి 67. ఎఫ్/4కి 43. ఎఫ్/2కి 11 మైక్రాన్లు కూడా పూర్తిగా రాదు. మధ్యలో అపెర్చర్ విడిగా ఎక్కడా రాలేదు గమనించారా? టెలిస్కోపు పెద్దదా చిన్నదా అన్న మాట లేదు. ఎఫ్ సంఖ్య తగ్గే కొద్దీ జోన్ వర్గంలో కుంచించుకుపోతుంది.

ఈ లెక్క కాస్త కఠినమైనదే. అంటే వాతావరణం సంగతి పట్టించుకోదు. పెద్ద ఫోకల్ లెంగ్త్ దగ్గర మన గాలి చేసే అలజడే నక్షత్రాన్ని ఎయిరీ డిస్క్ (కాంతి స్వభావం వల్ల నక్షత్రానికి వచ్చే అతి చిన్న చుక్క) కంటే లావు చేసేస్తుంది కాబట్టి, 2,000 మిల్లీమీటర్ల ఎఫ్/10 టెలిస్కోపుకి నిజంగా దొరికే వెసులుబాటు ఇంకా ఎక్కువ. చిన్న, వేగమైన (ఎఫ్ సంఖ్య తక్కువున్న) టెలిస్కోపులకి ఆ వెసులుబాటు ఉండదు.

దీని పక్కనే ఉష్ణోగ్రత పెట్టి చూడండి. మనలో ఎక్కువమంది దగ్గరున్న 80 మిల్లీమీటర్ల ఎఫ్/6 రిఫ్రాక్టర్ (కటకాల టెలిస్కోపు) తీసుకుందాం. అల్యూమినియం గొట్టం. అల్యూమినియం ఒక డిగ్రీకి మీటరుకి 23 మైక్రాన్లు కుంచించుకుంటుంది. గొట్టం 400 మిల్లీమీటర్లు అనుకుంటే డిగ్రీకి 9 మైక్రాన్ల పైన. జనవరిలో వికారాబాద్ అనంతగిరి గుట్టల వైపు వెళ్ళినవాళ్ళకి తెలుసు, పొద్దుగూకినప్పటికీ తెల్లవారుజాముకీ పది డిగ్రీలు పడిపోవడం ఏమంత వింత కాదు. పది డిగ్రీలకి 92 మైక్రాన్లు. ఎఫ్/6 జోన్ మొత్తం 97 కాబట్టి, సరిగ్గా మధ్యలో ఫోకస్ పెట్టినా అటు 48, ఇటు 48. అంటే అయిదు డిగ్రీల పైన కాస్త పడిపోయేసరికి జోన్ దాటేశారు. అదే టెలిస్కోపుకి 0.8 రెడ్యూసర్ (ఫోకల్ లెంగ్త్ తగ్గించే కటకం) తగిలిస్తే ఎఫ్/4.8 అవుతుంది, జోన్ 62కి పడుతుంది, మూడున్నర డిగ్రీలకే బయటికొస్తారు. ఇది గొట్టం లెక్క మాత్రమే. గాజు కూడా చల్లబడుతుంది, దాని వక్రీభవన గుణకమూ మారుతుంది, అది వేరే ఖాతా. రాత్రి మొదట్లో తీసిన ఫ్రేములు సూదిమొనల్లా, చివర్లో తీసినవి ఉబ్బిపోయినట్టు ఎందుకు వస్తున్నాయో అర్థం కాక టెలిస్కోపుని మోసే మౌంటునీ గైడింగునీ తిట్టుకునేవాళ్ళు ముందు ఈ లెక్క చేసుకోండి.

సరే, ఎలాంటి ఫోకసర్‌కి మోటారు పెట్టాలి? మనకి దొరికేవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి ర్యాక్ అండ్ పినియన్. పళ్ళ పట్టీ, దాని మీద పళ్ళ చక్రం. రెండోది క్రేఫోర్డ్. దీంట్లో పళ్ళే లేవు. డ్రా ట్యూబు నాలుగు బేరింగుల మీద ఆనుకుని ఉంటుంది, ఎదురుగా ఒక షాఫ్ట్ దాన్ని నొక్కి పట్టుకుంటుంది, ఘర్షణతోనే కదులుతుంది. ఇంగ్లండులో కెంట్ దగ్గర క్రేఫోర్డ్ ఖగోళ సంఘానికి చెందిన జాన్ వాల్ అనే ఆయన దీన్ని కనిపెట్టి, పేటెంటు తీసుకోకుండా 1971లో ఒక పత్రికలో ప్రచురించేశారు. అందుకే ఈ రోజు చవక టెలిస్కోపుల మీద కూడా క్రేఫోర్డ్ ఉంటోంది. ఆయన పుణ్యం. కాకపోతే ఆయన ఆలోచించింది ఐపీస్ బరువు గురించి. మనం దానికి కూల్డ్ కెమెరా, ఫిల్టర్ వీల్, ఆఫ్ యాక్సిస్ గైడర్ అన్నీ కలిపి కిలోన్నర, రెండు కిలోలు వేలాడదీస్తున్నాం. చవక క్రేఫోర్డ్ ఆ బరువుకి నెమ్మదిగా జారుతుంది. బిగించే స్క్రూ ఇంకా బిగిస్తే షాఫ్ట్ వంగి, కదలిక బరువెక్కుతుంది. మంచి క్రేఫోర్డులు లేవని కాదు. కానీ ఫొటోల కోసమే కొంటున్నారంటే నా ఓటు ర్యాక్ అండ్ పినియన్‌కే.

పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. మీరు వాడే కెమెరా, వీల్ అన్నీ తగిలించి, టెలిస్కోపుని నిట్టనిలువుగా ఆకాశం వైపు పెట్టండి. డ్రా ట్యూబుని సగం బయటికి తీయండి. లాక్ స్క్రూ వదులు చేయండి. అరగంట ఆగి చూడండి. జారిందా? కెమెరాని చేత్తో పట్టుకుని పక్కకి మెల్లగా ఊపండి. టక్కుమని చిన్న కదలిక తగిలిందా? ఇప్పుడు నాబ్‌ని ఒక్క వేలితో ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పండి. మధ్యలో ఎక్కడైనా పట్టేసి, మళ్ళీ వదులవుతోందా? ఈ మూడింట్లో ఏది కనపడినా మోటారు సంగతి పక్కన పెట్టి ముందు ఫోకసర్ సరిచేసుకోండి. కొన్నిసార్లు కింద ఉండే రెండు చిన్న స్క్రూలు సర్దితే చాలు, ఊపు పోతుంది. కొన్నిసార్లు ఫోకసరే మార్చాలి. పట్టేసే చోట మోటారు స్టెప్పులు మిస్సవుతుంది. అయినా మోటారు స్థానం చూపించే అంకె మాత్రం ముందుకి జరిగిపోతూనే ఉంటుంది. దాన్ని మించిన తలనొప్పి లేదు, ఎందుకంటే స్క్రీన్ మీద అంతా సవ్యంగానే కనపడుతుంది.

మోటారు రకాల గురించి త్వరగా చెప్పేస్తాను. డీసీ మోటారు ఫోకసర్లు చవకగా వస్తాయి. బటన్ నొక్కినంతసేపు తిరుగుతాయి. ఎంత తిరిగిందో వాటికి తెలియదు. టెలిస్కోపు ముట్టుకోకుండా ఫోకస్ చేయడానికి బాగుంటాయి గానీ, ఆటోఫోకస్‌కి పనికిరావు. మనకి కావలసింది స్టెప్పర్ మోటారు. ప్రతి స్టెప్పూ లెక్కే. 12,000వ స్టెప్పు దగ్గరికి పో అంటే అక్కడికే పోతుంది. గేర్‌బాక్స్ ఉన్న స్టెప్పర్ తీసుకోండి. గేర్ లేని మోటారు కరెంటు తీసేస్తే కెమెరా బరువుకి వెనక్కి తిరిగిపోవచ్చు.

స్టెప్పులు ఎన్ని ఉండాలి? బ్రోషర్లు మైక్రాన్‌లో ఇన్నో వంతు అని ఊదరగొడతాయి. దాని జోలికి పోకండి. మీ జోన్‌లో పది స్టెప్పులు పడితే చాలు, పదిహేను ఇరవై పడితే మహా బాగు. ఎక్కువగా కొనే జెడ్‌డబ్ల్యూఓ కంపెనీ మోటారు ఫోకసర్ ఈఏఎఫ్ తీసుకుంటే ఒక చుట్టుకి 5,760 స్టెప్పులు. మీ నాబ్ ఒక చుట్టు తిప్పితే డ్రా ట్యూబు 20 మిల్లీమీటర్లు కదులుతోంది అనుకుందాం. ఇది మీరు వెర్నియర్‌తో కొలుచుకోవాలి, ఫోకసర్‌కీ ఫోకసర్‌కీ మారుతుంది. ఇరవైని 5,760తో భాగిస్తే స్టెప్పుకి మూడున్నర మైక్రాన్లు. ఎఫ్/6 జోన్‌లో 28 స్టెప్పులు, రెడ్యూసర్‌తో 18. అవసరానికి మించే ఉంది. పెగాసస్ ఫోకస్‌క్యూబ్, ప్రిమాలూచేలాబ్ సెస్టోసెన్సో లాంటివి కూడా ఈ పనికి నిక్షేపంగా సరిపోతాయి. ఎంపిక చేయాల్సింది మైక్రాన్లని బట్టి కాదు, మీరు వాడే సాఫ్ట్‌వేర్‌ని బట్టి. విండోస్ మీద 'నైనా' అనే ఫొటోలు తీయించే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి యాస్కామ్ (పరికరాలకీ సాఫ్ట్‌వేర్‌కీ మధ్య ఉమ్మడి భాష) డ్రైవర్ ఉన్న ఏ ఫోకసరైనా ఒకటే. లినక్స్ మీద ఎకోస్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు, యాస్కామ్ లాంటిదే అయిన ఇండీ డ్రైవర్ ఉందో లేదో చూసుకోవాలి. జెడ్‌డబ్ల్యూఓ వాళ్ళదే అయిన ఆసియైర్ అనే కంట్రోలర్ డబ్బా వాడేవాళ్ళు ఇక ఆలోచించక్కర్లేదు, ఈఏఎఫ్ తీసుకోవాల్సిందే. ఒకే కంపెనీ చక్రంలో ఇరుక్కోవడం నాకు నచ్చదు, కానీ ఆసియైర్ కొన్ననాడే ఆ నిర్ణయం అయిపోయింది.

హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ దుకాణాల వైపు తిరిగే అలవాటున్నవాళ్ళు ఇక్కడ ఉన్నారు, నాకు తెలుసు. మీకోసం ఒక మాట. 28బీవైజే-48 అనే చిన్న స్టెప్పర్, యూఎల్ఎన్2003 డ్రైవర్ బోర్డు, ఆర్డ్యునో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, ఈ మూడింటితో ఫోకసర్ చేసుకోవచ్చు. యాస్కామ్‌తో మాట్లాడే ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి. ఆ మోటారు చుట్టుకి సుమారు 2,048 స్టెప్పులు వేస్తుంది. ఇందాకటి ఇరవై మిల్లీమీటర్ల లెక్కన స్టెప్పుకి దాదాపు పది మైక్రాన్లు. ఎఫ్/6 జోన్‌లో పది స్టెప్పులు పడతాయి. పాసు! కాకపోతే లోపలి చిన్న గేర్లలో ప్లే, అంటే పళ్ళ మధ్య వదులు, ఎక్కువ, బలం తక్కువ. తేలికపాటి కెమెరాకి సరే. బరువైన సరంజామాకి ఆ సైజు మోటారు మీద ఆశ పెట్టుకోవద్దు, ప్లానెటరీ గేర్ ఉన్న పెద్ద స్టెప్పర్ వెతకండి.

ఇక బిగింపు. అన్ని గొడవలూ ఇక్కడే పుడతాయి కాబట్టి నెమ్మదిగా చెబుతాను.

డ్యూయల్ స్పీడ్ ఫోకసర్‌కి ఒక పక్క రెండు నాబులుంటాయి, పెద్దదీ చిన్నదీ. చిన్నది పది చుట్లు తిరిగితే పెద్దది ఒక చుట్టు. మోటారుని చిన్న నాబ్‌కి పెడితే పది రెట్లు సూక్ష్మంగా ఉంటుంది కదా అనిపిస్తుంది. పెట్టకండి. ఆ పదింటికి ఒకటి తగ్గించే అమరిక చిన్న బంతుల ఘర్షణ మీద నడుస్తుంది. రోజూ వందలసార్లు తిప్పితే జారుతుంది. ఎదురుగా ఒంటరి నాబ్ ఉన్న పక్క, నేరుగా పినియన్ షాఫ్ట్‌కే మోటారు పెట్టాలి. పైన లెక్క చూశారు కదా, సూక్ష్మత సరిపోతోంది.

ఆ నాబ్ మీద తల లేని చిన్న గ్రబ్ స్క్రూ ఉంటుంది. సరైన సైజు ఎలెన్ కీతోనే విప్పండి, ఇంచుమించు సైజుతో తిప్పితే లోపలి మూలలు అరిగి ఇక రాదు. నాబ్ తీశాక షాఫ్ట్ మందం వెర్నియర్‌తో కొలవండి. 4, 5, 6 మిల్లీమీటర్లు, ఏదైనా ఉండొచ్చు. మోటారు షాఫ్టునీ ఫోకసర్ షాఫ్టునీ కలిపే కప్లింగ్ ఆ కొలతకే ఉండాలి. వదులు కప్లింగ్‌లో కాగితం చుట్టి బిగించే తెలివితేటలు వద్దు. చాలా షాఫ్టులకి ఒక పక్క చదును ఉంటుంది. గ్రబ్ స్క్రూ సరిగ్గా ఆ చదును మీదే పడాలి. గుండ్రటి వైపు పడితే మొదటి నెల బాగానే ఉంటుంది, తర్వాత చడీచప్పుడు లేకుండా జారడం మొదలెడుతుంది.

బ్రాకెట్ బిగించడంలో వరస ముఖ్యం. అందరూ బ్రాకెట్‌ని ముందు గట్టిగా బిగించి, తర్వాత కప్లింగ్ తొడుగుతారు. మోటారు షాఫ్టూ ఫోకసర్ షాఫ్టూ ఒకే గీత మీద లేకపోతే ప్రతి చుట్టుకీ ఒకచోట బరువు, ఒకచోట తేలిక. దీన్ని తిరగేయండి. బ్రాకెట్ బోల్టులు వేలితో పట్టేంత మాత్రమే పెట్టి, కప్లింగ్ పూర్తిగా బిగించి, మోటారుని రెండు మూడు చుట్లు అటూ ఇటూ తిప్పండి. బ్రాకెట్ తన చోటు తనే వెతుక్కుంటుంది. అప్పుడు బోల్టులు ఒక్కొక్కటీ కొంచెం కొంచెం బిగించండి. మళ్ళీ తిప్పి చూడండి. పూర్తయ్యాక మోటారుని చేత్తో పట్టుకుని ఊపితే బ్రాకెట్ అణువంత కూడా కదలకూడదు. బ్రాకెట్ వంగితే అది కూడా ప్లే కిందే లెక్క.

తర్వాత సున్నా. డ్రా ట్యూబుని లోపలికి దాదాపు చివరిదాకా పంపి, తగలకముందే ఆపి, ఆ చోటుకి సున్నా అని చెప్పండి. అక్కడి నుంచి బయటికి పూర్తిగా వెళ్ళడానికి ఎన్ని స్టెప్పులో చూసి, దానికి కాస్త తక్కువ అంకెని గరిష్ఠంగా పెట్టండి. ఇది చేయకపోతే ఏదో ఒక రాత్రి ఆటోఫోకస్ దారి తప్పి డ్రా ట్యూబుని గోడకి గుద్దిస్తుంది. అంకె పెరిగితే ట్యూబు బయటికి రావాలి. తిరగబడి ఉంటే డ్రైవర్‌లో రివర్స్ టిక్కు పెట్టండి. లాక్ స్క్రూ వదులుగా ఉందో లేదో ప్రతి సాయంత్రం చూసుకోండి. మోటారు ఉన్నాక ఆ స్క్రూతో పనే లేదు. కేబుల్ మాటకొస్తే, డ్రా ట్యూబుతో పాటు కదిలే కెమెరా కేబులూ మోటారు కేబులూ కలిపి బిగుతుగా జిప్‌టై వేయకండి. ఒకటి కదులుతుంది, ఇంకొకటి కదలదు.

ఇప్పుడు ప్లే. పాత లారీ స్టీరింగ్ చూశారా? డ్రైవర్ ఎడమకి తిప్పుతాడు, కొంతసేపు చక్రం కదలదు, ఆ ఖాళీ అయిపోయాకే బండి తిరుగుతుంది. ఫోకసర్‌లోనూ అంతే. దిశ మార్చిన ప్రతిసారీ మొదటి కొన్ని స్టెప్పులు గాలిలో పోతాయి. దీన్నే బ్యాక్‌లాష్ అంటాం. పూర్తిగా లేని ఫోకసర్ లేదు. కొలవడం ఎలా? డ్రా ట్యూబుకి డయల్ గేజ్ (సూక్ష్మ కదలికని ముల్లుతో చూపే సాధనం) ఆనించి, ఒక దిశలో చాలా దూరం పోయి, వెనక్కి పదేసి స్టెప్పులు వేస్తూ ముల్లు ఎప్పుడు కదులుతుందో చూడండి. డయల్ గేజ్ మీ దగ్గర లేకపోయినా లేత్ పనివాళ్ళ దగ్గర ఉంటుంది. ఉదాహరణకి అరవై స్టెప్పులు వచ్చిందనుకోండి.

నైనాలో దీనికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి అబ్సల్యూట్, ఇంకోటి ఓవర్‌షూట్. అబ్సల్యూట్‌లో ఖచ్చితమైన అంకె ఇవ్వాలి, ఆ అంకె చలికీ కోణానికీ మారుతుంది కూడా. ఓవర్‌షూట్‌లో కొలిచినదానికి మించి ఇస్తే చాలు. 60 వస్తే 150 ఇవ్వండి. లోపలికి, బయటికి అని రెండు గడులుంటాయి. ఒక్కదాంట్లోనే అంకె వేయాలి, రెండోది సున్నా. ఏ దాంట్లో? రిఫ్రాక్టర్‌కి కెమెరా కింద వేలాడుతుంది, బరువు ట్యూబుని బయటికి లాగుతుంది. చివరి కదలిక బరువుకి ఎదురుగా, అంటే లోపలికి ఉంటే పళ్ళు ఎప్పుడూ ఒకే వైపు ఆనుకుని ఉంటాయి. కాబట్టి 'బయటికి' గడిలో 150. బయటికి పోయిన ప్రతిసారీ 150 ఎక్కువ పోయి, తిరిగి 150 లోపలికి వస్తుంది. కొంచెం సమయం పోతుంది, పోనివ్వండి.

ఆటోఫోకస్ రన్ చేస్తే సాఫ్ట్‌వేర్ ఫోకస్‌కి అటు నాలుగు, ఇటు నాలుగు చోట్ల ఫొటోలు తీసి, నక్షత్రాల హెచ్‌ఎఫ్‌ఆర్ కొలుస్తుంది. నక్షత్రం కాంతిలో సగం ఎంత వ్యాసార్ధంలో ఇమిడిందో ఆ అంకె. చుక్కలన్నీ కలిపితే వీ ఆకారం వస్తుంది, దాని అట్టడుగు బిందువే ఫోకస్. ఒక చుక్కకీ తర్వాతి చుక్కకీ మధ్య ఎన్ని స్టెప్పులు? మన ఎఫ్/6 ఉదాహరణకి 30తో మొదలెట్టండి, అంటే సుమారు ఒక జోన్ అంత. చివరి చుక్కల దగ్గర హెచ్‌ఎఫ్‌ఆర్ అట్టడుగు విలువకి మూడు, నాలుగు రెట్లు ఉంటే సరిగ్గా కుదిరినట్టు.

ఈ వీ గీత చదవడం నేర్చుకుంటే డాక్టరు ఈసీజీ చదివినట్టే... సరే, పోలికలు వద్దు, విషయం చెబుతాను. గీత మొదట్లో రెండు మూడు చుక్కలు ఒకే ఎత్తులో చదునుగా ఉండి, తర్వాత దిగడం మొదలైతే, మోటారు తిరిగింది గానీ ట్యూబు కదల్లేదన్నమాట. ఓవర్‌షూట్ అంకె పెంచండి. గీత అంతా పళ్ళెంలా చదునుగా ఉంటే చుక్కల మధ్య దూరం చిన్నదైంది, స్టెప్పులు పెంచండి. ఒక పక్క నిటారుగా, ఇంకో పక్క మెల్లగా లేస్తే ట్యూబు ఒక దిశలో జారుతోంది, అది మెకానిక్ పని, సాఫ్ట్‌వేర్ పని కాదు. చుక్కలు చెల్లాచెదురుగా ఉంటే ఎక్స్‌పోజర్ తక్కువైంది. మామూలు లూమినెన్స్ ఫిల్టర్‌కి (రంగులన్నిటినీ వదిలేది) మూడు నాలుగు సెకన్లు సరిపోతాయి, ఒక్క సన్నని ఎరుపు రంగునే వదిలే హైడ్రోజన్ ఆల్ఫాకి పది సెకన్లు దాటాలి. న్యూటోనియన్లకీ ఎస్‌సీటీలకీ (రెండూ దర్పణాల టెలిస్కోపులు) ఫోకస్‌కి దూరంగా పోతే నక్షత్రం గారెలా మధ్యలో చిల్లుతో వస్తుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని తప్పుగా కొలవచ్చు. వాటికి చుక్కల మధ్య దూరం మరీ పెద్దది పెట్టకండి.

ఫిల్టర్ల సంగతి కూడా ఇక్కడే. కాంతి దారిలో గాజు పెడితే ఫోకస్ ఆ గాజు మందంలో దాదాపు మూడో వంతు వెనక్కి జరుగుతుంది. రెండు ఫిల్టర్ల మందంలో 0.1 మిల్లీమీటరు తేడా ఉంటే 33 మైక్రాన్లు. ఎఫ్/4.8 దగ్గర అది సగం జోన్. ఒకే సెట్‌లో కొన్న ఫిల్టర్లకి కూడా ఆఫ్‌సెట్ (ఫోకస్ తేడా) కొలిచి పెట్టుకోండి, ప్రతిసారీ ఆటోఫోకస్ నడిపే బాధ తప్పుతుంది.

ఎస్‌సీటీ ఉన్నవాళ్ళు ఇప్పటిదాకా ఓపిగ్గా కూర్చున్నారు. మీ లెక్క వేరు. మీరు కదిపేది కెమెరాని కాదు, ప్రధాన దర్పణాన్ని. ఎఫ్/2 దర్పణాన్ని సెకండరీ (ముందున్న చిన్న దర్పణం) ఎఫ్/10గా మారుస్తుంది, అయిదు రెట్లు. అయిదు వర్గం పాతిక, కాబట్టి దర్పణం ఒక మైక్రాన్ కదిలితే ఫోకస్ పాతిక మైక్రాన్ల పైన కదులుతుంది. 268 మైక్రాన్ల జోన్ పెద్దదని సంబరపడేలోపే అది దర్పణం దగ్గర పది మైక్రాన్లైపోయింది. నాబ్ స్థానంలో బిగించే మోటార్లు దొరుకుతాయి, వాటితో పని జరుగుతుంది. చివరి కదలిక ఎప్పుడూ దర్పణాన్ని పైకి నెట్టేలా ఉండాలి, సెలెస్ట్రాన్‌లో అది అపసవ్య దిశ. అలా చేసినా దర్పణం కొంచెం ఒరిగి నక్షత్రం పక్కకి జరగడం పూర్తిగా పోదు. అది సహించలేనివాళ్ళు దర్పణాన్ని ఒకచోట ఉంచి, వెనక విడిగా ఇంకో ఫోకసర్ పెట్టుకుని దానికి మోటారు తగిలిస్తారు. ఖర్చూ బరువూ పెరుగుతాయి.

ప్రశ్నలుంటే అడగండి.

సభికుడు: సర్, మోటారుతో పాటు టెంపరేచర్ సెన్సర్ వస్తోంది కదా. డిగ్రీకి ఇన్ని స్టెప్పులు అని చెప్పేస్తే అదే సర్దుకుంటుంది కదా, మళ్ళీ ఆటోఫోకస్ ఎందుకు?

చెయ్యొచ్చండి. కాకపోతే ఆ సెన్సర్ కొలిచేది గాలినో, మోటారు డబ్బానో. గొట్టం తొందరగా చల్లబడుతుంది, గాజు నిదానంగా. సాయంత్రం వేగంగా చల్లబడే గంటల్లో ఈ రెండింటికీ పొంతన కుదరదు, అర్ధరాత్రి దాటాక కుదురుతుంది. అందుకని నేను సెన్సర్‌ని అలారం గంటలా వాడతాను. డిగ్రీన్నర తగ్గగానే ఆటోఫోకస్ మొదలెట్టమని చెబుతాను. మెరిడియన్ ఫ్లిప్ (వస్తువు నడినెత్తి గీత దాటాక టెలిస్కోపు మౌంటుకి అటు నుంచి ఇటు మారడం) తర్వాత కూడా ఒకసారి. సెన్సర్ తీగని టెలిస్కోపు గొట్టానికి టేపుతో అంటించండి, గాలిలో వేలాడనివ్వకండి.

సభికురాలు: మా ఇంట్లో పిల్లలు చందమామని చూస్తామంటారు. మోటారు ఉండగా చేత్తో నాబ్ తిప్పితే పాడవుతుందా?

గేర్ ఉన్న మోటారుని బలవంతంగా తిప్పకండమ్మా. గేర్లకీ మంచిది కాదు, కప్లింగ్ జారి మీ అంకెలన్నీ తప్పుతాయి. చేత్తో నొక్కే కంట్రోలర్ దొరుకుతుంది, పిల్లలకి అదే ఇవ్వండి, ఇంకా ఇష్టపడతారు. క్లచ్ ఉన్న మోడళ్ళూ ఉన్నాయి. కానీ క్లచ్ వదిలి తిప్పినప్పుడల్లా సున్నా మళ్ళీ పెట్టుకోవాలి.

సభికుడు: నా దగ్గర టెలిస్కోపు లేదు, 135 మిల్లీమీటర్ల ఎఫ్/2 కెమెరా లెన్సు ఉంది. దానికి మోటారు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. లెన్సు ఫోకస్ రింగుకి పళ్ళ పట్టీ చుట్టి, బెల్టుతో మోటారుకి కలుపుతారు. ఇందాకటి లెక్క గుర్తుందా, ఎఫ్/2కి జోన్ 11 మైక్రాన్లు కూడా లేదు. లెన్సు రింగులో ప్లే ఉంటుంది, బెల్టు కూడా కాస్త సాగుతుంది. మోటారు పుల్లీ చిన్నదీ, రింగు పెద్దదీ కావడం మీకు కలిసొస్తుంది, ఆ నిష్పత్తిలో స్టెప్పులు ఎక్కువ దొరుకుతాయి. ముందు లెన్సుని ఎఫ్/2.8కి దించండి. జోన్ దాదాపు రెట్టింపు, 21 మైక్రాన్లు అవుతుంది, మూలల్లో నక్షత్రాలు కూడా బాగుపడతాయి. లెన్సుని రెండు రింగులతో గట్టిగా పట్టించి, మోటారుని ఆ రింగులకే బిగించండి. కెమెరాకి బిగిస్తే బెల్టు లాగినప్పుడల్లా లెన్సు మౌంట్ దగ్గర వంగుతుంది. బెల్టు మరీ బిగుతుగా వేయకండి, వేలితో నొక్కితే కొంచెం దిగాలి. ఓవర్‌షూట్ మాత్రం ధారాళంగా ఇవ్వండి.